114 హెలికాప్టర్ యూనిట్: ఇరవై వేల అడుగుల ఎత్తులో కిలోల లెక్క

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. సియాచిన్‌లో ఎగిరే మన వాయుసేన 114 హెలికాప్టర్ యూనిట్ ఎలా మొదలైంది? అంత ప్రమాదకరమైన చోట ఇప్పటికీ 1970ల నాటి చీతా హెలికాప్టర్‌నే ఎందుకు వాడుతున్నారు? 2016 ఫిబ్రవరిలో పది మంది జవాన్లు మంచు కింద కూరుకుపోయినప్పుడు పెద్ద హెలికాప్టర్లలో పెద్ద యంత్రాలను వెంటనే ఎందుకు పంపలేకపోయారు? నేను వాయుసేనలో చేతక్, చీతా హెలికాప్టర్ల ఇంజిన్ల మీద చాలా ఏళ్లు పనిచేసిన టెక్నీషియన్‌ను. పైలట్‌ను కాను కాబట్టి కాక్‌పిట్‌లో కూర్చున్నవాడి అనుభవాన్ని నాదిగా చెప్పను. అయితే ఆ యంత్రం ఎంత మోయగలదో, ఎక్కడ మొరాయిస్తుందో చేతులతో తెలుసుకున్నవాడిని. మీ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకే లెక్కలో ఉంది: ఆ ఎత్తులో గాలి ఎన్ని కిలోలను పైకి లేవనిస్తుంది అన్నదే ఆ లెక్క.

మొదట ఒక పొరపాటును సరిదిద్దాలి. 114 హెలికాప్టర్ యూనిట్ సియాచిన్ కోసం పుట్టలేదు. అది 1964 ఏప్రిల్ 1న ఏర్పడింది, అంటే సియాచిన్ పేరు పత్రికల్లోకి ఎక్కడానికి ఇరవై ఏళ్ల ముందు. 1962 చైనా యుద్ధం నేర్పిన పాఠమే దాని వెనుక ఉన్న అసలు కారణమని నా అభిప్రాయం. లద్దాఖ్‌లో సైనికుడు ఎక్కడ నిలబడినా అతని వెనుక రోడ్డు లేదు, ఉన్న కొద్దిపాటి దారులూ చలికాలంలో మూసుకుపోతాయి, గాయపడినవాడిని మోసుకుని దిగాలంటే రోజులు పడుతుంది. దాదాపు 10,700 అడుగుల ఎత్తులో ఉన్న లేహ్ ఈ యూనిట్‌కు ఇల్లయింది. 1948లో ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్ డకోటా విమానాన్ని దింపిన ఊరు అదే. తొలి దశాబ్దాల్లో యూనిట్ పని చేతక్‌లతో సాగింది. దూరపు పోస్టులకు ఉత్తరాలు, మందులు చేర్చడం, జబ్బుపడినవారిని దించడం, అధికారులను సరిహద్దు వెంట తిప్పడం వంటి పనులవి. యుద్ధ చరిత్రలు ఈ పనుల మీద పేజీలు ఖర్చు చేయవు గాని, లోయల్లో గాలి ఏ వేళకు ఎలా మళ్లుతుందో, ఏ కనుమలో మేఘం ఎంత త్వరగా దిగుతుందో యూనిట్ నేర్చుకున్నది ఆ ఏళ్లలోనే. ఆ జ్ఞానం ఏ పుస్తకంలోనూ దొరికేది కాదు, పాత పైలట్ కొత్త పైలట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించాల్సిందే.

సియాచిన్‌తో యూనిట్ అనుబంధం 1978లో మొదలైంది. కర్నల్ నరేంద్ర కుమార్, అందరూ బుల్ కుమార్ అని పిలిచే పర్వతారోహకుడు, ఆ ఏడాది తన దళంతో సియాచిన్ హిమానీనదం మీదుగా తేరమ్ కాంగ్రీ శిఖరాల వైపు వెళ్లారు. ఆ ఏడాదే వాయుసేన చేతక్ మొదటిసారి ఆ మంచు మీద దిగింది. నాకు యూనిట్ చరిత్రలో అత్యంత విలువైన ఘట్టం ఇదే. అప్పటికి అక్కడ యుద్ధం లేదు, కెమెరాలు లేవు. దాదాపు 76 కిలోమీటర్ల పొడవున్న ఆ మంచునది మీద ఒక్క హెలిప్యాడ్ కూడా లేదు. ఎక్కడ మంచు గట్టిగా ఉందో, ఎక్కడ పైపొర కింద పగులు నోరు తెరిచి ఉందో పైనుంచి చూసి చెప్పడం కష్టం. తెల్లటి మంచు మీద తెల్లటి వెలుతురు పడినప్పుడు నేల ఎంత దూరంలో ఉందో కంటికి తెలియదు. ఒక రాయో, రంగు గుడ్డో, మనిషి నీడో కనిపిస్తేనే ఎత్తు అంచనాకు వస్తుంది. అలాంటి చోట తొలిసారి చక్రాలు ఆనించినవారు ఆ తర్వాత జరిగినదానికంతా దారి వేశారు. ‘సియాచిన్ పయనీర్స్’ అన్న పేరు యూనిట్‌కు ఊరికే రాలేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు సగం జవాబు చెప్పాలి, ఎందుకంటే 1984 కథ చీతా లేకుండా అర్థం కాదు. చీతా అసలు పేరు ఎస్‌ఏ 315బీ లామా, ఫ్రాన్స్‌కు చెందిన హెలికాప్టర్. మన దేశంలో చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, 1968 చివర్లో ఫ్రెంచి సంస్థ దాని రూపకల్పన మొదలుపెట్టిందే భారత సైనిక దళాల కొండ ప్రాంతాల అవసరం కోసం. అలూయెట్ 2 అనే చిన్న హెలికాప్టర్ శరీరాన్ని తీసుకుని, దానికంటే పెద్దదైన అలూయెట్ 3, అంటే మన చేతక్, ఇంజిన్‌నూ రోటర్‌నూ దానికి బిగించారు. తోక భాగం గొట్టాల చట్రంగా అలాగే వదిలేశారు, రేకు తొడుగు కూడా వేయలేదు. చూడటానికి అసంపూర్తిగా కట్టిన ఇల్లులా ఉంటుంది, కాని ప్రతి తొడుగూ బరువే కదా. అది 1969 మార్చిలో తొలిసారి ఎగిరింది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ 1970లో లైసెన్సు ఒప్పందం చేసుకోగా, ఇక్కడ కూర్చిన మొదటి చీతా 1972 అక్టోబరులో గాలిలోకి లేచింది. అదే 1972 జూన్ 21న ఫ్రాన్స్‌లో జాన్ బూలే అనే టెస్ట్ పైలట్ లామాను 12,442 మీటర్ల ఎత్తుకు, అంటే 40,000 అడుగులు దాటించి తీసుకువెళ్లి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు.

ఇందులో కిటుకు ఇంజిన్‌లో ఉంది. చీతాలో ఉండే ఆర్టూస్ట్ 3బీ టర్బైన్‌కు 870 హార్స్‌పవర్ ఇచ్చే సత్తా ఉంది, కాని దాన్ని 550కే పరిమితం చేసి వాడతారు. ఎనభై ఏడు బస్తాలు లాగగల ఎడ్లకు యాభై అయిదు బస్తాల బండినే కట్టినట్టన్నమాట. సముద్రమట్టం దగ్గర ఇది వృథాలా కనిపిస్తుంది. పైకి వెళ్లే కొద్దీ గాలి పలచబడి ఏ ఇంజిన్ శక్తి అయినా తగ్గుతుంది. ఆర్టూస్ట్‌లో మాత్రం మిగులు ఉంది కాబట్టి, ఇతర ఇంజిన్లు ఆయాసపడే ఎత్తులో కూడా అది తన 550ని చాలాసేపు నిలబెట్టుకుంటుంది. దాదాపు 18,000 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి పడిపోతుంది. రోటర్ రెక్కకు పట్టు దొరికేది గాలిలోనే, ఆ గాలే సగం ఉంటే రెక్క ఎంత తిరిగినా ఎత్తేది తక్కువే. తోక రోటర్‌కూ అదే ఇబ్బంది, పైలట్ కాలితో పెడల్ చివరిదాకా నొక్కినా ముక్కు తిప్పలేని పరిస్థితి వస్తుంది. ఖాళీ చీతా బరువు వెయ్యి కిలోల పైచిలుకు మాత్రమే. ఆ తక్కువ బరువూ, ఇంజిన్‌లోని మిగులూ కలిసి దాన్ని అక్కడికి తీసుకెళ్తున్నాయి. కొత్తదా పాతదా అన్న ప్రశ్న పర్వతానికి పట్టదు.

ఇక 1984 ఏప్రిల్ 13, వైశాఖి పండుగ రోజు. సాల్తోరో పర్వతశ్రేణి మీది కనుమలను పాకిస్థాన్ కంటే ముందే చేజిక్కించుకోవాలన్నది ఆపరేషన్ మేఘదూత్ లక్ష్యం. చాలామంది సైనికులు సియాచిన్ మంచునది మీదే ఎదురెదురుగా నిలబడ్డారనుకుంటారు. అసలు రేఖ దానికి పడమరగా ఉన్న సాల్తోరో శిఖరాల వెంట ఉంది. యూరప్ నుంచి తెప్పించిన చలి దుస్తులు సైనికులకు అందింది ముందు రోజు సాయంత్రమే. తెల్లవారుజామున చీతాలు 4 కుమావూన్ బెటాలియన్‌కు చెందిన కెప్టెన్ సంజయ్ కులకర్ణి ప్లాటూన్‌ను బిలాఫాండ్ లా కనుమకు దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలోకి చేర్చడం మొదలుపెట్టాయి. అక్కడ దిగే స్థలమంటూ లేదు. హెలికాప్టర్ మంచుకు కొంచెం పైన గాలిలో నిలిచి ఉండగా, మొదట ఒక గోధుమపిండి బస్తాను కిందికి తోసి చూశారు. బస్తా కూరుకుపోలేదు, మంచు గట్టిగానే ఉందని తేలింది. ఆ తర్వాతే మనుషులు దూకారు. ప్లాటూన్ మొత్తాన్ని చేర్చడానికి 17 సార్టీలు, అంటే వెళ్లివచ్చే ప్రయాణాలు, పట్టాయి.

ఆ పిండి బస్తా గురించి ఎప్పుడు చదివినా నేను ఒక్క క్షణం ఆగిపోతాను. ఉపగ్రహ చిత్రాలు, అంచనాలు, పటాలు ఎన్ని ఉన్నా చివరికి ఒక సైనికుడి కాలు ఆనే చోటు గట్టిదో కాదో తేల్చింది అతనే తినబోయే పిండి. మరోవైపు ఆ కొద్ది సెకన్లలో పైలట్ చేస్తున్న పని ఊహించండి. బస్తా జారగానే హెలికాప్టర్ తేలికై పైకి లేవబోతుంది, మనిషి దూకగానే ఒక పక్కకు ఒరుగుతుంది, రోటర్ గాలికి లేచిన మంచుపొడి ముందున్న దృశ్యాన్ని కప్పేస్తుంది. వాటన్నిటి మధ్యా యంత్రాన్ని అంగుళాల లెక్కన ఒకే చోట నిలపాలి, అదీ మిగులు శక్తి దాదాపు లేని ఎత్తులో.

సైనికులు దిగిన కొద్దిసేపటికే వాతావరణం తిరగబడింది. మంచు తుఫాను కమ్మి ఎగరడం అసాధ్యమైంది, ప్లాటూన్ రోజుల తరబడి బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా గడిపింది. ఏప్రిల్ 17 నాటికి సియా లా కనుమ కూడా మన చేతికి వచ్చింది. ఆ రోజు మొదలైన సరఫరా గొలుసు నలభై ఏళ్లు దాటినా తెగలేదు. యూనిట్ చరిత్రలో ఎవరూ పతకాలు లెక్కపెట్టని అతి పెద్ద విజయం ఇదేనని నేను నమ్ముతాను.

ఈ గొలుసు ఎలా పనిచేస్తుందో కొంచెం దగ్గరగా చూపిస్తాను. పెద్ద విమానాలు సరుకును లేహ్‌కూ, నుబ్రా దగ్గరి థోయిస్‌కూ తెస్తాయి. అక్కడి నుంచి ఎంఐ-17 అనే పెద్ద రవాణా హెలికాప్టర్లు కొంతదూరం మోస్తాయి, కొంత సరుకును పారాచూట్లతో జారవిడుస్తారు. ఆ పైన, శిఖరాల అంచున గది అంత హెలిప్యాడ్ మాత్రమే ఉన్న పోస్టులకు మిగిలేది చీతా ఒక్కటే. అత్యంత ఎత్తయిన హెలిప్యాడ్ల దగ్గర అది మోయగలిగేది ఇరవై, పాతిక కిలోలు, అంటే ఒక్క కిరోసిన్ జెర్రీక్యాన్. ఇరవై లీటర్ల కిరోసిన్ బరువు దాదాపు పదహారు కిలోలు, డబ్బా బరువు దానికి అదనం. ఆ పోస్టులో మంచు కరిగించి నీళ్లు తాగాలన్నా, వంట చేసుకోవాలన్నా, గుడారం వెచ్చగా ఉండాలన్నా ఆ కిరోసినే ఆధారం.

అందువల్ల ప్రతి ప్రయాణానికీ ముందు లెక్క వేస్తారు. వెళ్లి రావడానికి ఎంత ఇంధనం కావాలో అంతే, దానికి చిన్న భద్రతా మిగులు. ట్యాంకులో ఒక లీటరు ఎక్కువ పోస్తే పైన దించే సరుకులో దాదాపు ఎనిమిది వందల గ్రాములు తగ్గించుకోవాలి. అవసరం లేని సీట్లూ పరికరాలూ తీసేస్తారు. సూర్యుడు ఎక్కే కొద్దీ గాలి వేడెక్కి మరింత పలచబడుతుంది, కనుమల్లో గాలి వేగమూ పెరుగుతుంది కాబట్టి వీలైనంతవరకు తెల్లవారగానే పని మొదలుపెడతారు. రెండేసి హెలికాప్టర్లు జంటగా వెళ్తాయి, ఎందుకంటే చీతాకు ఉన్నది ఒకే ఇంజిన్, ఒకటి చెడి మధ్యలో దిగిపోతే ఎక్కడ దిగిందో చెప్పడానికి రెండోది ఉండాలి. పోస్టు దగ్గర ఇంజిన్ ఆపే ప్రశ్నే లేదు. ఆ చలిలో, ఆ ఎత్తులో ఆపిన ఇంజిన్ మళ్లీ అందుకుంటుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. పైగా చాలా ఏళ్లు అవి శత్రువు గుళ్లకు అందే హెలిప్యాడ్లు. దిగడం, డబ్బా దించడం, ఉత్తరాల సంచీ అందుకోవడం, లేవడం, అంతా నిమిషంలోపు. 2003 నవంబరు చివర్లో కాల్పుల విరమణ వచ్చాక తూటాల భయం తగ్గింది గాని పర్వతం తన నిబంధనలు మార్చుకోలేదు.

నేల మీది పని గురించి ఒక్క మాట చెప్పుకోనివ్వండి. ఆర్టూస్ట్ ఇంజిన్ నిమిషానికి 33,500 చుట్లు తిరుగుతుంది. గ్లవ్జుతో చిన్న నట్టు బిగించడం కుదరదు, గ్లవ్జు తీస్తే చల్లటి లోహం వేలి చర్మాన్ని పట్టేస్తుంది. బిగించిన ప్రతి నట్టుకూ అది వదులు కాకుండా తాళంతీగ చుట్టి, అది సరిగా పడిందో లేదో కంటితో చూసి, మళ్లీ వేలితో తడిమి చూస్తాం. పైన ఎగిరే ఇద్దరూ మా సంతకాన్ని నమ్మి వెళ్తారు. ఇంజిన్ తిరిగి వచ్చిన శబ్దం దూరం నుంచి వినబడేదాకా మాలో ఎవరూ టీ గ్లాసు పట్టుకోవడానికి కూర్చోరు.

1987 సంగతి క్లుప్తంగా చెబుతాను, దాని మీద చాలానే రాశారు. దాదాపు 21,000 అడుగుల ఎత్తులో పాకిస్థాన్ పట్టుకున్న శిఖరాన్ని ఆ ఏడాది జూన్ 26న నాయబ్ సుబేదార్ బానా సింగ్ బృందం స్వాధీనం చేసుకుంది, ఆయనకు పరమవీర చక్ర లభించింది. ఆ దాడికి మనుషులనూ మందుగుండునూ పైకి చేర్చడానికి సుమారు 400 హెలికాప్టర్ సార్టీలు అవసరమయ్యాయి. ఒక్కో ప్రయాణంలో ఎంత కొద్ది బరువు వెళ్తుందో పైన చెప్పాను కాబట్టి ఈ అంకె ఎందుకంత పెద్దదో మీకు అర్థమై ఉంటుంది. ఇది వాయుసేన ఒక్కదాని కథ కూడా కాదు. 1986 నవంబరు 1న సైన్యానికి సొంత ఏవియేషన్ కోర్ ఏర్పడింది, ‘సియాచిన్ ఫాల్కన్స్’ అని పేరున్న 666 స్క్వాడ్రన్ కూడా అదే చీతాలతో అదే పర్వతాల మీద ఎగిరింది. ఎవరు గొప్ప అన్న వాదన ఇద్దరికీ అన్యాయం చేస్తుంది.

ఈ యూనిట్ చేసే పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ప్రాణాలు దించడం. సియాచిన్‌లో తూటా కంటే ఎత్తే ఎక్కువమందిని బలి తీసుకుంది. ఆరోగ్యవంతుడైన ఇరవై రెండేళ్ల జవానుకు రాత్రి దగ్గు మొదలై, తెల్లారేసరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మందులూ ఆక్సిజనూ కొంతసేపు నిలబెడతాయి, అసలు వైద్యం మాత్రం కిందికి దించడమే. కొన్ని వేల అడుగులు దిగితే చాలు, మనిషి మళ్లీ ఊపిరి పీల్చుకుంటాడు. నడిచి దిగడానికి రోజులు పట్టే దారి హెలికాప్టర్‌కు నిమిషాల పని. వాతావరణం బాగాలేదని తెలిసి కూడా పైలట్లు మేఘాల్లో సందు వెతుక్కుంటూ వెళ్లేది ఇలాంటి కబురు వచ్చినప్పుడే. 2010 ఆగస్టులో లేహ్‌ను మేఘ విస్ఫోటం ముంచెత్తినప్పుడు లద్దాఖ్ లోయల్లో చిక్కుకున్నవారిని బయటికి తేవడంలోనూ ఆ ప్రాంతపు హెలికాప్టర్లే ఆధారమయ్యాయి.

ఇక 2016 గురించి. ఫిబ్రవరి 3న 19,600 అడుగుల ఎత్తులో, సోనమ్ పోస్టు దగ్గర మంచుగోడ కూలి మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్‌కు చెందిన పది మంది మీద పడింది. వారిలో ఒకరు మన కర్నూలు జిల్లా బిడ్డ. మీ ప్రశ్నలోని బాధ నాకు అర్థమవుతోంది, అప్పట్లో మా ఊళ్లో కూడా అందరూ అదే అడిగారు. పడింది పొడి మంచు కాదు, కాంక్రీటులా బిగుసుకున్న నీలి మంచు. దాన్ని తవ్వడానికి డ్రిల్లులు, విద్యుత్ రంపాలు, నేలలోపల వెతికే రాడార్లు, జాగిలాలు కావాలి. మైదానంలో లారీలో వేసుకుని వెళ్లే ఈ సామగ్రిని, ఒక్కో ప్రయాణానికి ఒక కిరోసిన్ డబ్బా బరువు మాత్రమే మోయగలిగే హెలికాప్టర్‌తో పైకి చేర్చాలి. పెద్ద హెలికాప్టర్‌కు పెద్ద ఇంజిన్ ఉంటుంది నిజమే, దాని సొంత బరువు కూడా అంతే పెద్దది. అలాంటి శిఖరపు అంచున దిగడానికి అంత చోటూ లేదు, అంత భారాన్ని ఆపే గాలీ లేదు. అందుకే సామగ్రిని కొద్దికొద్దిగా, వాతావరణం తెరిపిచ్చినప్పుడల్లా చేరవేశారు. ఫిబ్రవరి 8న లాన్స్ నాయక్ హనుమంతప్ప మంచు కింద ఆరో రోజున ప్రాణంతో దొరికారు. మర్నాడు హెలికాప్టర్‌లో కిందికి దించి, అక్కడి నుంచి విమానంలో ఢిల్లీ చేర్చారు. 11న ఆయన కన్నుమూశారు. మిగిలినవారి పార్థివ దేహాలను దించడానికి వాతావరణం మరికొన్ని రోజులు అడ్డుపడింది. ఎవరో నిర్లక్ష్యం చేయడం వల్ల సాయం ఆలస్యమైందని దయచేసి అనుకోవద్దు. ఆ ఎత్తులో వీలైనదంతా చేశారు.

చీతా ప్రశ్నలో మిగిలిన సగం ఇది. ఇంత మెచ్చుకున్నాను కదా అని అది శాశ్వతంగా ఉండాలని నా ఉద్దేశం కాదు. ఒకే ఇంజిన్, పాత తరం పరికరాలు, తగ్గిపోతున్న విడిభాగాలు, ఏళ్ల తరబడి పెరుగుతున్న ప్రమాదాలు, వీటన్నిటి మధ్య దాన్ని మార్చాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది. మార్చలేకపోవడానికి కారణం మాత్రం కొనడంలో ఆలస్యం ఒక్కటే కాదు. ఆ హెలిప్యాడ్ల మీద నిలబడి, లేచి, సరుకు దించగల యంత్రాలు ప్రపంచంలోనే కొద్ది. కొత్త ఇంజిన్ అమర్చిన చీతల్ కొంత ఉపశమనం ఇచ్చింది. ‘శక్తి’ అనే పేరున్న ఇంజిన్లతో నడిచే ధ్రువ్ హెలికాప్టర్ కూడా ఎత్తయిన పోస్టులకు వెళ్తోంది. అసలు వారసుడిగా తయారైంది హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి తేలికపాటి హెలికాప్టర్ ఎల్‌యూహెచ్. 2020లో జరిగిన వేసవి పరీక్షల్లో అది లేహ్ నుంచి లద్దాఖ్ ఉత్తర అంచున ఉన్న దౌలత్ బేగ్ ఓల్దీ దాకా ఎగిరి, సియాచిన్‌లోని అమర్, సోనమ్ హెలిప్యాడ్ల మీద దిగింది. దాన్ని తయారుచేసే తుమకూరు కర్మాగారం 2023 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. పరీక్షలో ఒకసారి దిగడానికీ, ప్రతి శీతకాలం ప్రతి తెల్లవారుజామునా దిగడానికీ చాలా తేడా ఉంది. ఆ రెండోది నిరూపించుకునేదాకా చీతాకు పూర్తి విశ్రాంతి దొరకదు.

చివరగా, మీ తమ్ముడు వాయుసేనలో హెలికాప్టర్ పైలట్ కావాలనుకుంటున్నాడని రాశారు. మన హైదరాబాద్ పక్కనే ఉన్న హకీంపేటలో వాయుసేన హెలికాప్టర్ శిక్షణ పాఠశాల ఉంది. ఎందరో పైలట్లు మొదట చేతక్‌ను గాలిలో నిలపడం నేర్చుకున్నది అక్కడే, సముద్రమట్టానికి దాదాపు 2,000 అడుగుల ఎత్తులో. మొదటి రోజుల్లో హెలికాప్టర్ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, మైదానం మొత్తం చాలదు. నెలలు గడిచాక అదే మనిషి దాన్ని ఒక చతురస్రం గీత దాటకుండా నిలుపుతాడు. ఆ నిలకడే తర్వాత ఎప్పుడో ఒక రోజు, గది అంత మంచు ముక్క మీద ఒక కిరోసిన్ డబ్బా దించి, దగ్గుతున్న ఒక జవానును ఎక్కించుకునే పనికి కావాలి.